గ్యాలరీ నిండాలంటే మ్యాచ్ చివరిదాకా టెన్షన్ ఉండాలి: క్రీడల మంత్రి గారికి నెల్లూరు నుంచి ఒక ఉత్తరం

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరులో ఉంటాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, బాస్కెట్‌బాల్ ఆడుతుంది. జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ మనకు తెల్లవారి ఆరింటికి వస్తాయి. ఇద్దరం పళ్లు తోముకుని టీవీ ముందు కూర్చుంటాం. 2025లో ఓక్లహామా సిటీ కప్పు గెలిచింది. "న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ అంత పెద్ద ఊరు కాదు కదా నాన్నా, ఎట్లా గెలిచింది?" అని అడిగింది. అందుకే మీకు రాస్తున్నాను.

ఆ లీగ్‌లో డబ్బున్న జట్టు మంచి ఆటగాళ్లందరినీ కొనేసుకోలేదు. 1984-85 సీజన్ నుంచి జీతాలకు పరిమితి ఉంది. బాగా దాటితే లీగ్‌కు పన్ను కట్టాలి. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వెనకబడిన జట్టుకే ముందు వరసలో ఎక్కువ అవకాశం. వెనక వరసలోనూ మంచి ఆటగాడు దొరకవచ్చు: డెన్వర్ జట్టు 2014లో నికోలా యోకిచ్‌ను 41వ ఆటగాడిగా తీసుకుంది. అతనే 2023లో ఆ ఊరికి మొదటి కప్పు తెచ్చాడు. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి. ఏ ఊరి అభిమానికైనా వచ్చే ఏడాది మనదేనేమో అన్న ఆశ మిగులుతుంది. టికెట్ కొనేది ఆ ఆశతోనే.

మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక టోర్నమెంట్‌లో ఒక జట్టు చుట్టుపక్కల పొడుగు పిల్లలందరినీ తన వైపు చేర్చుకుంది. ఫైనల్‌లో రెండో క్వార్టర్ అయ్యేసరికి ముప్పై పాయింట్ల తేడా. హాఫ్‌టైమ్‌కే జనం లేచి వెళ్లిపోయారు. మిగిలింది తల్లిదండ్రులమే. ఓడుతున్న జట్టులో మా అమ్మాయి ఉంది. చివరి విజిల్ దాకా పరిగెత్తింది, మధ్యలో ఒకసారి ఖాళీ కుర్చీల వైపు చూసింది. గెలిచిన పిల్లలకు కూడా చప్పట్లు కొట్టే జనం లేరు సార్.

మన దేశంలో యూబీఏ బాస్కెట్‌బాల్ లీగ్ 2015లో మొదలై 2017 తర్వాత ఆగిపోయింది. ప్రో కబడ్డీ మాత్రం 2014లో ఎనిమిది జట్లతో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఆటగాళ్లను వేలంలో పంచుకుంటారు, జట్టు ఖర్చుకు హద్దు ఉంటుంది. ఆ ఒక్క కారణంతోనే నిలిచిందని అనను. కానీ ఆ హద్దు లేకుండా మొదలుపెట్టిన లీగ్‌ను మా ఊళ్లో చూడాలని నాకు లేదు.

రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ లీగ్ ఆలోచన ఎప్పుడొచ్చినా నెల్లూరుకు, ఒంగోలుకు జట్లు ఇవ్వండి. విశాఖ జట్టు ఎంత ఖర్చు పెట్టవచ్చో ఒంగోలు జట్టూ అంతే పెట్టాలి. ప్రతి జట్టులో సొంత జిల్లా పిల్లలు కొందరు తప్పకుండా కోర్టులో ఉండాలి, బెంచీ మీద కాదు. లీగ్ దాకా ఆగకుండా, ఈ ఏడాది జిల్లా టోర్నమెంట్లలోనే ఆటగాళ్లను చీటీలు తీసి పంచి చూడండి. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

విజయవాడ కంటే చెన్నై మాకు దగ్గర. పదో తరగతి అయ్యాక ఆట కోసం అమ్మాయిని అక్కడికి పంపమని అందరూ అంటున్నారు. తను మాత్రం జెర్సీ మీద నెల్లూరు అని ఉండాలంటోంది.

ఇట్లు,
ఒక ఆటగత్తె తండ్రి, నెల్లూరు