ఆదివారం ఉదయం వీధిని మనుషులకు వదలండి

సంపాదకులకు నమస్కారం.

చర్చి స్ట్రీట్‌లో 2020 నవంబరు నుంచి కొన్ని నెలలపాటు వారాంతాల్లో వాహనాలను ఆపి, వీధిని నడిచేవారికే వదిలిన ప్రయోగం బెంగళూరు తెలుగువారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కబ్బన్ పార్కులోకీ ఆదివారాలు వాహనాలను అనుమతించరు. అయితే ఇవి నగరం నడిబొడ్డున ఉన్నవి. మారతహళ్లి వైపు అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలకు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చి రోజంతా నాలుగో అంతస్తులోనే గడిపే అమ్మమ్మలకు, తాతయ్యలకు వాటివల్ల ఒరిగేది తక్కువ.

మా వీధిలో పిల్లలు రెండు వరుసల కార్ల మధ్య ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతుంటారు. బైకు వచ్చినప్పుడల్లా ఇటుకలు తీయాలి, డెలివరీ వ్యాను వస్తే ఆట ఆపాలి, బంతి కారుకు తగిలితే తిట్లు తినాలి. పార్కుకు వెళదామంటే ఆటలు నిషేధమన్న బోర్డు కనిపిస్తుంది.

కొలంబియా రాజధాని బొగొటాలో 1974లో మొదలైన పద్ధతి ప్రకారం నేటికీ ఆదివారాలు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 వరకు వంద కిలోమీటర్లకు పైగా రోడ్లను సైకిళ్లకు, నడకకు వదులుతారు. మేము అంత అడగడం లేదు. ప్రతి వార్డులో బస్సులు తిరగని ఒక్క లోపలి వీధిని ఆదివారం ఉదయం మూడు గంటలు మూసివేస్తే చాలు. అంబులెన్సుకు, నడవలేనివారు ఎక్కిన ఆటోకు ఎప్పుడైనా దారి ఇవ్వాల్సిందే. ట్రాఫిక్ పోలీసులు అనుమతితోపాటు రెండు బారికేడ్లు ఇస్తే, వాటి దగ్గర నిలబడే బాధ్యత వీధివాసులమే తీసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు