ప్లేస్‌మెంట్‌కి వెళ్లేముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

కైరోప్రాక్టిక్ (వెన్నెముక, కీళ్ల నొప్పులకు చేతులతో చేసే చికిత్స) చదువులో భాగంగా క్లినిక్‌లో శిక్షణకి నీ ప్లేస్‌మెంట్ ఖాయమైందని తెలిసి భలే సంతోషం వేసింది. నీ ఉత్తరంలో సగం శుభవార్త, మిగతా సగం తిట్లు! ఇన్నేళ్లు చదివాక కూడా పక్కన ఒకరు కాపలా ఉండాలా అని కదా నీ గొడవ? ఆ గొడవలో కొంత న్యాయం ఉంది. కానీ నువ్వు కోపం పెట్టుకోవాల్సింది ఆ నియమం మీద కాదని నా అభిప్రాయం.

ముందు ఒక లెక్క చెబుతా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కైరోప్రాక్టిక్ శిక్షణ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం పూర్తిస్థాయి చదువుకి కనీసం 4,200 గంటలు కావాలి. అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులతో గడపాలి. అంటే దాదాపు నాలుగో వంతు చదువు ఇంకొకరి కళ్ల ముందే జరగాలన్నమాట. నీ మీద ఎవరికో నమ్మకం లేక పెట్టింది కాదు, ఆ చదువు తయారైన తీరే అంత.

ఇక అసలు రూల్స్. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లైసెన్సింగ్ బోర్డు ఉంటుందని నీకు తెలుసు. కాబట్టి వేరే రాష్ట్రంలో ఉన్న క్లాస్‌మేట్ చెప్పింది విని అదే నీకూ వర్తిస్తుందనుకోకు. నీ బోర్డు రూల్స్, కాలేజీ హ్యాండ్‌బుక్, క్లినిక్‌తో కాలేజీ చేసుకున్న ఒప్పందం, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదువు. ఒకదానికొకటి పొసగకపోతే అన్నింటికన్నా కఠినంగా ఉన్నదాన్నే పట్టుకో. కాలేజీ వాళ్లు సరేనన్నారని బోర్డు ఊరుకోదు.

నీకు అన్నింటికన్నా చిరాకు తెప్పించేది, ప్రిసెప్టర్, అంటే క్లినిక్‌లో నిన్ను పర్యవేక్షించే డాక్టర్, అదే భవనంలో ఉండి తీరాలనే నియమం అనుకుంటా. ఫోన్‌లో దొరికితే చాలదా అన్నావు. చాలదురా. నడుం నొప్పి అంటూ వచ్చిన మనిషికి తొడల మధ్య తిమ్మిరి మొదలైందనుకో, మూత్రం ఆపుకోలేకపోతున్నాననీ అన్నాడనుకో. అప్పుడు అడ్జస్ట్‌మెంట్ (వెన్నును చేతులతో నొక్కి సరిచేయడం) మాటే ఎత్తకూడదు, వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఇది పుస్తకంలో నువ్వూ చదివావు, నేనూ చదివాను. కానీ ఆ మనిషి సిగ్గుపడి మూత్రం సంగతి చెప్పడు. ఏదో మాటల్లో సగం చెప్పి వదిలేస్తాడు. ఆ సగం మాట పట్టుకోవడం ఏళ్ల తరబడి రోగులను చూసినవాళ్లకే చేతనవుతుంది. మెడ దగ్గర ఇంకా జాగ్రత్త. ఎన్నడూ లేనంత మెడ నొప్పి, తలనొప్పి ఒక్కసారిగా మొదలయ్యాయని ఎవరైనా వస్తే, అప్పటికే మెడలోని ధమని గోడ చీలి ఉండవచ్చు. అలాంటివి అరుదే కానీ, ఎదురైనప్పుడు ఫోన్ రింగవుతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేం కదా.

అందుకే మామూలుగా పద్ధతి ఇలా ఉంటుంది. కేస్ హిస్టరీ నువ్వు తీసుకుంటావు, పరీక్షలు నువ్వు చేస్తావు, నీకేమనిపించిందో చెబుతావు. ప్రిసెప్టర్ సరేనన్నాకే రోగి మీద చెయ్యి వేస్తావు. నోట్స్ నువ్వు రాసినా కింద ఆయన సంతకం ఉండాలి. ప్రిసెప్టర్ తాను చూడని రోగుల నోట్స్ మీద సాయంత్రం కట్టగట్టి సంతకాలు పెట్టే క్లినిక్ అయితే అక్కడినుంచి బయటపడు, ఇంక ఆలోచించకు.

మిగతావి చిన్నవే. విద్యార్థివని రాసిన బ్యాడ్జి పెట్టుకో. పేషెంట్లు ప్రేమగా డాక్టర్ అని పిలిచినా విద్యార్థినని చెప్పు. నువ్వు చూడటానికి వాళ్లు ఒప్పుకోవాలి, వద్దంటే మొహం చిన్నబుచ్చుకోకు. నీ పనిలో పొరపాటు జరిగితే ఆదుకునే ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద ఉందో, ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుందో కాగితం మీద చూసుకో.

ఇప్పుడు నా అసలు బాధ చెబుతా. ఈ రూల్స్ అన్నీ ప్రిసెప్టర్ ఎక్కడ ఉండాలో చెబుతాయి, ఆయనకి లైసెన్స్ ఉండాలంటాయి, ఆయన మీద క్రమశిక్షణ చర్యలేవీ ఉండకూడదంటాయి. ఆయన నీకు ఏమైనా నేర్పుతున్నాడా అని మాత్రం గట్టిగా అడగవు. మా బ్యాచ్‌లో ఒకడు నెలల తరబడి వేడి ప్యాక్‌లు మార్చాడు, అపాయింట్‌మెంట్ ఫోన్లు ఎత్తాడు. ఏ రూలూ తప్పలేదు. ప్రిసెప్టర్ భవనంలోనే ఉండేవాడు, సంతకాలు సరిగ్గా ఉండేవి, గంటలన్నీ నిండాయి. వాడికి మాత్రం కొత్త పేషెంట్ ఎదురుగా కూర్చుంటే ఏం అడగాలో తోచేది కాదు. నీ కోపం అటు తిప్పు. కాపలా ఉండటం తప్పు కాదు, కాపలా ఉండి కూడా చూడకపోవడం తప్పు.

కాబట్టి చేరేముందు ఆ డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడుగు. కొత్త పేషెంట్లలో నాకు ఎందరిని ఇస్తారు? ఒకేసారి మీ దగ్గర ఎంతమంది విద్యార్థులు ఉంటారు? మీరు సెలవు పెడితే ఆ రోజు నా పర్యవేక్షణ ఎవరిది? ఆ చివరి ప్రశ్నకి తడుముకుంటే ఆ క్లినిక్ గురించి నీకు చాలా అర్థమైపోతుంది. ఆ రోజు లైసెన్స్ ఉన్న ఇంకో ప్రిసెప్టర్ అక్కడ లేకపోతే నువ్వు రోగిని ముట్టుకోవడానికి లేదు, ఆ గంటలు లెక్కలోకీ రావు.

గంటల లెక్క విడిగా ఒక నోట్‌బుక్‌లో నువ్వూ రాసుకో. కాలేజీ సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకుని చివర్లో టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను. పేషెంట్ల పేర్లు మాత్రం అందులో రాయకు, అది ఇంకో తలనొప్పి.

ఒప్పందం కాపీ రాగానే నాకొకటి పంపు. సంతకం చేసేముందు పంపు, చేశాక కాదు. నీ సంగతి నాకు తెలుసు.

నీ,
రాజు