ఆదివారం లోపల 'జోజి' చూడండి

అన్నలూ, అక్కలూ, ఆదివారం సాయంత్రం 6కు అనంతపురంలో మా మిద్దె మీదే కూర్చుని ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. అంతలోపల అందరూ 'జోజి' (2021) చూసి రండి. షేక్స్‌పియర్ నాటకం 'మ్యాక్‌బెత్' నుంచి పుట్టిన మలయాళ సినిమా. రాజు లేడు, కోట లేదు. రబ్బరు తోట, ఆస్తి గుప్పిట్లో పెట్టుకున్న తండ్రి, ఎదురు చెప్పలేని కొడుకులు. నాటకంలో జోస్యం చెప్పే మంత్రగత్తెలను తీసేసినారు. (ఇదే నాటకం నుంచి వచ్చిన హిందీ సినిమా 'మక్బూల్'లో వాళ్లు జాతకం చెప్పే పోలీసులు.)

నన్ను వదలనిది చిన్న కొడుకు జోజి వదిన పాత్ర. గొంతు పెంచదు, చూసీ చూడనట్టుంటుంది, అన్నీ తెలుసు. ఆ మౌనం స్టేజీ మీద వెనక వరుసకు అందదు, కెమెరా దగ్గరికి పోయి పట్టుకుంది.

షేక్స్‌పియర్ పాత్రలు వేసిన నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది మన తాడిపత్రిలోనే. ఈ కథను మన సీమలో పెడితే ఎట్లాంటి ఇంట్లో జరుగుతుంది? ఆలోచించుకొని రండి. వచ్చేవాళ్లు శనివారం లోపల ఇక్కడే చెప్పండి.