మాకు కావలసింది అదే

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లోని ఒక జమీందారీ కుటుంబం, వాళ్ల నౌకర్ల కథ చెప్పే ఇంగ్లిష్ సీరియల్ ‘డౌంటన్ యాబీ’ 2015లో ముగిసినా, 2019లో సినిమాగా తిరిగొచ్చింది. ‘ఇందులో కథేముంది, పెద్ద ఎపిసోడ్‌లా ఉంది’ అని అభిమానులే కొందరు పెదవి విరిస్తే బాధేసింది. మాకు కావలసింది అదే కదా!

అమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెబుతూ చూపించాను. రాజుగారి విందులో వడ్డిస్తూ నౌకరు మోల్స్‌లీ ఉండబట్టలేక నోరు తెరుస్తాడు. బల్ల చుట్టూ అందరూ బిగుసుకుపోతారు. గాభరాలో ఆడవాళ్లలా మోకాళ్లు వంచి వందనం చేస్తాడు. ‘అయ్యో, పిచ్చితండ్రి!’ అంటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇందులో బామ్మగా నటించిన మ్యాగీ స్మిత్ 2024లో పోయారని చెబితే ఆ పూట సరిగా అన్నం తినలేదు.

ఇలాంటి సినిమాలకు ఓటీటీల వాళ్లు తప్పకుండా తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వాలి.

– ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు