అధికంలోనా, నిజంలోనా? శీనుకి ఓ ఉత్తరం

రాజమండ్రి,
పరాభవ నామ సంవత్సరం (2026), అధిక జ్యేష్ఠం

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెప్తే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీ నాన్నగారి సంవత్సరీకం గురించి ముగ్గురు మూడు రకాలుగా చెప్పారని రాశావు కదా. డల్లాస్‌లో పంతులుగారు జూన్ అన్నారు, మీ పెదనాన్నగారు జూలై అన్నారు, ఫోన్‌లో యాప్ ఇద్దరూ చెప్పని ఇంకో రోజు చూపిస్తోంది. నువ్వేమో ఈ ముగ్గురిలో ఒకళ్ళు తప్పు చెప్తున్నారని వాళ్ళని నిలదీస్తున్నావు. టెన్షన్ పడకురా. ముగ్గురూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. ఒక్కొక్కళ్ళు ఒక్కో లెక్కన చెప్పారంతే.

పెదనాన్నగారికీ పంతులుగారికీ తేడా వచ్చింది అధికమాసం వల్ల. నాన్నగారు పోయింది పోయిన జూన్‌లో, జ్యేష్ఠ బహుళ షష్ఠి. ఈ ఏడాది జ్యేష్ఠాలు రెండు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ తరవాత నిజ జ్యేష్ఠం. కాబట్టి బహుళ షష్ఠి కూడా రెండుసార్లు వస్తుంది, జూన్ మొదటి వారంలో ఒకసారి, జూలై మొదటి వారంలో ఇంకోసారి.

ఈ రెండో జ్యేష్ఠం ఎక్కణ్ణించి ఊడిపడిందని అడిగావు. చంద్రుడి లెక్కన పన్నెండు నెలలు గడిస్తే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాదికి 365 పైచిలుకు. ఏటా పదకొండు రోజులు వెనకబడుతూ పోతే కొన్నేళ్ళకి ఉగాది చలికాలంలోకి వచ్చేస్తుంది, దీపావళి ఎండాకాలంలోకి పోతుంది. రంజాన్ చూడు, వాళ్ళ లెక్కలో అధికమాసం లేదు కాబట్టే మన చిన్నప్పుడు చలికాలంలో వచ్చినది ఇంకో పదిహేను, ఇరవయ్యేళ్ళకి నడివేసవిలో వచ్చింది. మనవాళ్ళు మాత్రం ఎంత తేడా వచ్చిందో చూసుకుని రెండున్నర, మూడేళ్ళకోసారి ఒక నెల కలిపేస్తారు. ఎవరో కూర్చుని ఈ ఏడు కలుపుదాం అనుకుని కలిపేది కాదు. అమావాస్యకీ అమావాస్యకీ మధ్య సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి మారాలి, దాన్ని సంక్రమణం అంటారు. ఏ నెలలో సంక్రమణం జరగదో ఆ నెల అధికం.

ఈసారి అది ఎంత తృటిలో తప్పిందో తెలుసా? జూన్ 15 పొద్దున ఎనిమిది దాటాక అమావాస్య అయిపోతుంది. సూర్యుడు మిథునంలోకి వెళ్ళేది ఆ మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. ఆ నాలుగైదు గంటలు ముందే వెళ్ళి ఉంటే ఇది మామూలు జ్యేష్ఠం అయ్యేది, నీకీ తలనొప్పి ఉండేది కాదు.

అన్నట్టు 2007లో మీ అక్క పెళ్ళి వాయిదా పడడం గుర్తుందా? వేసవి సెలవుల్లో చేద్దామని మీ నాన్నగారు కల్యాణ మండపం కూడా మాట్లాడేశాక సిద్ధాంతిగారు అధికమాసం అన్నారు. అది కూడా అధిక జ్యేష్ఠమే, మే 17 నుంచి జూన్ 15 దాకానే. పందొమ్మిదేళ్ళకి చంద్రుడి నెలలు 235 అవుతాయి, దాదాపుగా సూర్యుడి లెక్కతో సరిపోతాయి. అందుకే మొత్తం తిరిగి అదే చోటికి వచ్చింది. 1999లోనూ అధిక జ్యేష్ఠమే, దానికి పందొమ్మిదేళ్ళు కలిపితే వచ్చే 2018లోనూ అంతే. వేసవిలో సూర్యుడు ఒక్కో రాశి దాటడానికి ఎక్కువ రోజులు తీసుకుంటాడు. భూమి అప్పుడు సూర్యుడికి దూరంగా ఉంటుంది కదా, మెల్లగా తిరుగుతుంది. అందుకే అధికాలు ఎక్కువగా చైత్రానికీ ఆశ్వయుజానికీ మధ్యే వస్తాయి.

ఇక్కడ పెళ్ళిళ్ళవాళ్ళందరూ ఖాళీ. మా వీధి చివర వంటాయన గాడిపొయ్యి కడ్డీలకి రంగు వేయించుకుంటున్నాడు. నిజ జ్యేష్ఠం నెల రోజులు దొరుకుతాయి అనుకుంటే, మళ్ళీ ఆషాఢం శూన్యమాసం. ఆ దొరికిన నెలలో కూడా పెద్దకొడుక్కి పెద్దకూతుర్ని ఇచ్చి చెయ్యకూడదంటారు, జ్యేష్ఠులిద్దరికీ జ్యేష్ఠంలో పనికిరాదని. తిరుమలలో మాత్రం అధికమాసం వచ్చిన ఏడు స్వామివారికి రెండు బ్రహ్మోత్సవాలు. 2018, 2020, 2023ల్లో అలాగే చేశారు. పెళ్ళిళ్ళకి పనికిరాని నెల వచ్చిన ఏడాదే దేవుడికి రెండోసారి ఉత్సవం. మనవాళ్ళ పద్ధతులు నాకు ఇందుకే నచ్చుతాయి.

సరే, నీ సంగతికి వస్తా. ఏటా పెట్టే తద్దినాలు నిజమాసంలోనే పెట్టాలనేది ఎక్కువమంది పాటించే పద్ధతి. అందులో పెద్ద గొడవ లేదు. కానీ నీది మొదటి సంవత్సరీకం. పోయిన రోజు నుంచి పన్నెండు నెలలు నిండేది అధికంలోనే కాబట్టి మొదటిది అక్కడే చెయ్యాలని ఒక వాదం ఉంది. మీ పంతులుగారు చెప్పింది అదే. కాదు, నిజంలోనే అనేవాళ్ళు ఉన్నారు, రెండిట్లోనూ పెట్టేవాళ్ళూ ఉన్నారు. నిజంలో చేస్తే మధ్యలో ఒక మాసికం అదనంగా పెట్టాలి, ఆ మాట ఎవరైనా చెప్పారో లేదో నీకు. నా మాట అడిగితే, ఇది పంతులుగారితో వాదించి తేల్చుకునేది కాదురా. మీ తాతగారి సంవత్సరీకానికి అధికం వచ్చిందా, వస్తే ఎలా చేశారు అన్నది మీ పెదనాన్నగారికే తెలియాలి. మీ ఇంట్లో ఏది నడిచిందో అదే చెయ్యి. ఇలాంటి చోట పెద్ద పుస్తకాలు కూడా చివరికి ఆచారం చూసుకోమనే అంటాయి. అయితే వెంటనే అడుగు, జూన్ మొదటి వారం ఎంతో దూరం లేదు.

ఇంక యాప్ సంగతి. అసలు తికమక ఇదే. మనం కేలండర్‌లో చూసే తిథి పొద్దున సూర్యోదయానికి ఉన్న తిథి. దాన్నే రోజంతా అనుకుంటాం. కానీ తిథికి సూర్యోదయంతో పనిలేదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడు ఒకసారి జోరుగా, ఒకసారి నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి తిథి ఒకసారి పందొమ్మిది గంటలు ఉంటుంది, ఒకసారి ఇరవయ్యారు. ఏ అర్ధరాత్రో మొదలై ఏ మధ్యాహ్నమో అయిపోతుంది. అందుకే ఒక్కో పండక్కి ఒక్కో వేళ పెట్టారు. ఆ వేళకి ఏ తిథి ఉందన్నదే లెక్క. శ్రీరామనవమికి మధ్యాహ్నం నవమి ఉండాలి. దీపావళికి సాయంత్రం, ప్రదోషవేళ అమావాస్య ఉండాలి. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి కావాలి. రథసప్తమికి ఇంకా తెల్లవారకముందే, అరుణోదయానికి సప్తమి చూస్తారు.

ఈ ఏడాది వినాయక చవితే చూడు. సెప్టెంబరు 14, సోమవారం. ఆ రోజు సూర్యోదయానికి తదియ. చవితి ఆ తరవాత వచ్చి మర్నాడు పొద్దున సూర్యుడు వచ్చాక కూడా కాసేపు ఉంటుంది. కేలండర్‌లో చవితి అని వేసేది మంగళవారం గళ్ళో, పండగ మాత్రం సోమవారం. వినాయకుడికి మధ్యాహ్నం కావాలి కాబట్టి. ఏటా ఎవరో ఒకరు ఈ గళ్ళు చూసి, పండగ తప్పుగా ప్రకటించారంటూ గొడవ మొదలుపెడతారు.

ఉగాదికి మా ఇంట్లో ఇంకా పెద్ద తమాషా జరిగింది. మార్చి 19న పొద్దున ఏడు కావస్తుండగా గానీ పాడ్యమి రాలేదు. అంతకుముందు అమావాస్యే. ఆ పాడ్యమి మర్నాడు తెల్లారకముందే వెళ్ళిపోయింది. అంటే ఆ తిథికి ఒక్క సూర్యోదయం కూడా దొరకలేదు. అలాంటప్పుడు అది ఉన్న రోజే ఉగాది. మా అత్తగారికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. పొద్దున్నే లేచి కొత్త చింతపండు పిసికి, బెల్లం తురిమి, వేపపువ్వు దూసి పచ్చడి కలిపేశారు. కలిపి గిన్నె మీద పళ్ళెం బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. "అమావాస్య పోయేదాకా ఎవరూ ముట్టుకోకండి, అబ్బాయ్, టైము చూస్తూ ఉండు" అని నన్ను గడియారం ముందు నిలబెట్టారు. పిల్లాడు ఆకలని గోల. ఏడు దాటాక తలా ఒక చెంచా పెట్టారు. మామిడిపిందె వెయ్యడం మర్చిపోయారన్న సంగతి అప్పుడు బయటపడింది.

శ్రాద్ధానికి చూసేది అపరాహ్ణం. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది. మనకి పగలు పన్నెండు గంటలు ఉన్నప్పుడు అది ఒంటిగంటా పన్నెండు నిమిషాలకి మొదలై మూడున్నర దాటేదాకా ఉంటుంది. ఆ వేళకి షష్ఠి ఎప్పుడు ఉందో ఆ రోజే తద్దినం. ఊరికే ఒక లెక్క వేసి చూపిస్తా. ఇక్కడ షష్ఠి శనివారం పొద్దున పదకొండుకి వచ్చి ఆదివారం పదింటికి పోయిందనుకో. ఇక్కడి కేలండర్‌లో ఆదివారం గళ్ళో షష్ఠి అని ఉంటుంది, కానీ మేం తద్దినం పెట్టేది శనివారమే, ఆ మధ్యాహ్నమే షష్ఠి ఉంది కాబట్టి. తిథి వచ్చే క్షణం, పోయే క్షణం ప్రపంచం అంతటికీ ఒకటే. గడియారాలే వేరు. మీకూ మాకూ ఇప్పుడు పదిన్నర గంటల తేడా. అదే షష్ఠి డల్లాస్‌లో శుక్రవారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకి వచ్చి శనివారం రాత్రి పదకొండున్నరకి పోతుంది. అంటే మీ కేలండర్‌లో శనివారమే షష్ఠి. మీ యాప్‌లో ఊరు రాజమండ్రి అని పెట్టి ఉందో డల్లాస్ అని ఉందో చూశావా? నాకు అనుమానం అక్కడే. ఇక్కణ్ణించి మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన తేదీని అక్కడ గుడ్డిగా పాటించడం కూడా సరికాదు. మీ ఊరి గుడిలో ఆ ఊరికి గుణించిన పంచాంగం ఇస్తారట కదా, అదే చూడు.

ఇంకో చిక్కుంది, ముందే చెప్తున్నా. వేసవిలో మీకు పగలు పద్నాలుగు గంటలకి పైనే. పొద్దున ఆరూ ఇరవైకి సూర్యుడు వస్తే రాత్రి ఎనిమిదిన్నర దాటాక గానీ పోడు. దాన్ని అయిదు భాగాలు చేస్తే మీ అపరాహ్ణం మొదలయ్యేది మూడింటికి, అయ్యేది అయిదూ నలభై ప్రాంతంలో! అప్పటిదాకా భోక్తలకి ఆకలి, నీకు నీరసం. నువ్వసలే పొద్దున కాఫీ పడకపోతే మనిషివి కావు. పాలు, పండ్లు తీసుకోవచ్చేమో పంతులుగారిని అడుగు. వంట సంగతి కూడా ముందే మాట్లాడుకో. గారెలు, పరమాన్నం, అల్లం పచ్చడి, నువ్వులుండలు, అరటికాయ, కంద దొరికితే కంద. ఉల్లి, వెల్లుల్లి ఉన్న వంటింట్లో వండిస్తే అమ్మ ఒప్పుకోదు.

వీకెండ్‌కి మార్చుకోవచ్చా అని అడిగావు చూడు, దానికి నేను కొంచెం మొండివాణ్ణి. సత్యనారాయణ వ్రతం శనివారం చేసుకో, గృహప్రవేశం ఆదివారం ముహూర్తం చూసుకుని పెట్టుకో, ఎవరూ ఏమీ అనరు. మన ఊళ్ళో కూడా ఇప్పుడు బారసాలలన్నీ ఆదివారాలే. కానీ తద్దినం ఆ మనిషి పోయిన తిథికే. ఏడాదికి ఒక్క రోజు సెలవు పెట్టలేవా? ఎప్పుడైనా నిజంగా కుదరకపోతే మహాలయ పక్షం ఉంది, ఈ ఏడు మహాలయ అమావాస్య అక్టోబరు 10, శనివారం. తిథి తెలియనివాళ్ళు పెట్టేది కూడా ఆ అమావాస్యకే. అలా అని ఈ సంవత్సరీకం ఎగ్గొట్టకు.

అమ్మ దసరా గురించి అడిగిందన్నావు. సంవత్సరీకం జూన్‌లో చేసినా జూలైలో చేసినా వినాయక చవితికి ముందే ఏటి సూతకం తీరిపోతుంది, కాబట్టి దసరాకి బొమ్మల కొలువు పెట్టుకోమను. ఈసారి దసరా అక్టోబరు 20. దీపావళి నవంబరు 8, అదృష్టం కొద్దీ ఆదివారం. పోయినేడు అక్టోబరు 20నే దీపావళి చేసుకున్నాం, ఒక్క అధికమాసం దాన్ని పందొమ్మిది రోజులు ముందుకి నెట్టేసింది. సంక్రాంతిని మాత్రం ఏ అధికమూ కదపలేదు, అది సూర్యుడి లెక్క. అయినా అదీ మెల్లగా జరుగుతూనే ఉంది. వివేకానందుడు పుట్టింది 1863 జనవరి 12, ఆ రోజే మకర సంక్రాంతి. ఇప్పుడు 14 కూడా దాటి 15కి వస్తోంది. మన మునిమనవలు భోగిమంటలు ఇంకో రోజో రెండు రోజులో ఆలస్యంగా వేసుకుంటారన్నమాట.

నువ్వు చెయ్యాల్సింది ఇది: ఈ రాత్రే పెదనాన్నగారికి ఫోన్ చెయ్యి. అధికమా నిజమా తేల్చుకుని, మీ గుడి పంచాంగంలో ఆ షష్ఠి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతోందో ఫొటో తీసి నాకు పంపు. ఇక్కడి సిద్ధాంతిగారికి చూపించి చెప్తాను. నిజంలో పెట్టేటట్టయితే, ఇక్కడ గోదావరి గట్టున అన్నదానానికి నీ పేరున డబ్బు కట్టమని అమ్మ అంది, ఎంత కట్టమంటావో రాయి. చెల్లాయికీ పిల్లలకీ మా అందరి ఆశీస్సులు చెప్పు.

నీ,
సత్తి