ఆ వాల్వులు ఎప్పుడు తిప్పారో కనుక్కో

హన్మకొండ

బిడ్డకు బాపు ఆశీస్సులు.

పారుతున్న వేడినీళ్ల లైన్‌ను ఆపకుండానే మీ వాళ్లు చిల్లు పెట్టి రిపేరు చేసిన వీడియో పంపావు గదా, మళ్లీ మళ్లీ చూశాను. మొదట మిషన్‌ను చూశాను, తర్వాత మీ వాళ్ల చేతులను చూశాను. ఫోన్లో దీని గురించి మాట్లాడదామంటే మీ అమ్మ నీ తిండి దగ్గర మొదలుపెట్టి నీ జలుబు దగ్గర ఆపుతుంది, నా వంతు వచ్చేసరికి నీకు ఆఫీసు టైమ్ అవుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ ఉద్యోగం ఏమిటని మీ చిన్నమ్మ అడిగితే, ‘ఊరంతటికీ వేడినీళ్లు తిప్పే కంపెనీ’ అని చెప్పింది మీ అమ్మ. తప్పేం లేదు. ఒకచోట నీళ్లు కాచి, భూమిలో పైపుల గుండా ఊరంతా తిప్పి, ఇంటింటికీ వేడి ఇచ్చి, చల్లారిన నీళ్లను ఇంకో పైపులో వెనక్కి తెచ్చుకోవడమే గదా మీ పని. మన నల్లా నీళ్లు ఇంటికి పోతే పోయినట్టే, మీ నీళ్లు తిరిగి రావాలి. కోపెన్‌హేగన్‌లో దాదాపు 98 శాతం వేడి ఇలాగే అందుతుందని నువ్వు చెప్పినప్పుడు నమ్మలేదు. తర్వాత చదివాను. మీ పక్కనే ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో 1903లోనే ఊరి చెత్త కాల్చి, ఆ వేడిని ఆస్పత్రికి పంపారట. రామగుండం ఎన్టీపీసీలో పనిచేసిన మీ మామకు ఇది చెబితే ఒకటే నవ్వు. బొగ్గు కాలిస్తే వచ్చే వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ కరెంటుగా మారుతుంది, మిగిలినదాంట్లో చాలా మటుకు కూలింగ్ టవర్ల మీది నుంచి గాలిలోకే పోతుంది. ‘ఆ వేడిని పైపుల్లో పెట్టి ఇళ్లకు పంపిస్తామని మే నెలలో రామగుండంలో చెప్పి చూడు బావా, తరిమి కొడతారు’ అన్నాడు.

సరే, అసలు సంగతి. వీడియో కింద ‘ఒక్క ఇంటికి కూడా సప్లై ఆగలేదు బాపు’ అని రాశావు. సంతోషమే. కానీ ఆ మాట మీదే నీకు కొంత చెప్పాలనుంది.

పారుతున్న లైన్‌కు చిల్లు పెట్టడం నాకు కొత్త కాదు. నల్లా కనెక్షన్ ఇచ్చేటప్పుడు మెయిన్‌లో నీళ్లుండగానే డ్రిల్ చేసి, ఇంటి పైపు తగిలించే ముక్క, ఫెర్రూల్, బిగించేవాళ్లం. చెయ్యి తప్పితే ఒళ్లు తడిసేది, పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు, అంతే. మీది అలా కాదు. 100 డిగ్రీలు దాటిన నీళ్లు ప్రెషర్‌లో ఉన్నంతసేపే నీళ్లు, బయటపడిన మరుక్షణం కొంత ఆవిరై ఎగజిమ్ముతుంది. అందుకే మీ వాళ్లు చిల్లు పెట్టడానికి ముందు చేసిన పనులే నాకు ఎక్కువ నచ్చాయి. పైపు మందాన్ని అల్ట్రాసౌండ్‌తో చుట్టూ కొలిచారు. పలచబడిన చోట వెల్డింగ్ పెడితే గోడే కాలి రంధ్రం పడుతుంది. లోపల నీళ్లు పారుతూ వేడిని లాగేస్తుంటే వెల్డు తొందరగా చల్లారి గట్టిపడుతుంది, పగులుతుంది. దానికి తగిన రాడ్, తగిన కరెంటు, తగిన మనిషి కావాలి. పొట్టి పైపును అతికి, దానిమీద వాల్వ్ బిగించి, చిల్లు పెట్టకముందే ఆ అతుకును ప్రెషర్‌తో పరీక్షించారు. తర్వాతే తెరిచిన వాల్వ్ గుండా కట్టర్ దింపారు. కోసిన ఇనుప బిళ్ల లైన్‌లో పడి కొట్టుకుపోకుండా మధ్య డ్రిల్‌కున్న తీగ దాన్ని పట్టుకొని పైకి తెచ్చింది చూడు, అక్కడ వీడియో ఆపి మీ అమ్మను పిలిచి చూపించాను. ఆమెకు అర్థమైందో లేదో గానీ, ‘ఆ బిళ్ల ఇంటికి తెమ్మను’ అంది.

అలాంటి చిల్లులు అటొకటి ఇటొకటి పెట్టి, వాటిలోంచి మూతలు దింపి లైన్‌ను మధ్యలో కట్టేసి, నీళ్లను పక్కనుంచి తాత్కాలిక పైపులో మళ్లించి, పాడైన ముక్కను కోసి తీయడం పెద్ద పనితనమే, కాదనను. కానీ ఆ మూతలు చుక్క కూడా రాకుండా పట్టేస్తాయని మాత్రం ఎన్నడూ అనుకోకు. కొంచెం ఊరుతూనే ఉంటుంది. ఊరినదాన్ని పక్కకు వదిలే దారి ముందే పెట్టుకోవాలి. అవతలి కోతలో ఒక మనిషి కూర్చుని ఉంటాడు, మర్చిపోవద్దు.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే. ఆ చోటికి అటూ ఇటూ వాల్వులు లేవా? ఉంటే ఇంత ఖర్చు ఎందుకు పెట్టారు? ‘ఉన్నాయి గానీ పూర్తిగా మూసుకోవడం లేదు’ అని నువ్వు ఫోన్లో ఒక మాట అనేసి ముందుకు పోయావు. నా చెవి అక్కడే ఆగింది.

మన దగ్గర ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్లు శుద్ధి చేసి, ఏరియాల వారీగా టైమ్ పెట్టి వదిలేవాళ్లం. నీళ్లు వదలని వేళ రిపేరు వేళ. మాకు అదొక సౌకర్యం. జనానికి మాత్రం నష్టం, ఎందుకంటే లైన్ ఖాళీ అయినప్పుడల్లా లీకేజీ ఉన్న చోట బయటి మురికి లోపలికి పోతుంది. అయినా లైన్ ఆపాలంటే వాల్వ్ మూసుకోవాలి గదా. ప్రతి గేట్ వాల్వ్‌కు చుట్ల లెక్క ఉంటుంది. 12 అంగుళాలదైతే దాదాపు 38. కీ వేసి తిప్పుతుంటే 30 దగ్గర ఆగిపోయిందంటే మూసుకున్నట్టు కాదు, గాడిలో ఇసుకో రాయో తట్టిందని. కొత్తవాడు అక్కడ బలం పెడతాడు, వాల్వ్‌ను తిప్పే కడ్డీ, స్పిండిల్, విరుగుతుంది. తెలిసినవాడు నాలుగు చుట్లు వెనక్కి తిప్పుతాడు, సందులోంచి నీళ్లు జోరుగా పారి గాడి కడిగేస్తాయి, అప్పుడు మళ్లీ మూస్తాడు. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్‌కైతే ఈ తెలివి కూడా పనిచేయదు. మీవి పావు చుట్టుతో మూసుకునే బాల్ వాల్వులని తెలుసు. అయినా కదలని ఇనుము ఎక్కడైనా పట్టేస్తుంది. పైగా పావు చుట్టే గదా అని గబుక్కున మూస్తే నీళ్ల దెబ్బ లైన్ పొడుగునా తగులుతుంది.

మీ తాత ఊరి నీరటి. తూము ఆయన చేతిలో ఉండేది. వానలకు ముందే, చెరువు అడుగంటి ఉన్నప్పుడే, ఎవరూ అడగకపోయినా తూము తెరిచి మూసి చూసుకునేవాడు. చెరువు నిండాక అది పట్టేస్తే మునగాల్సింది తానే అని ఆయనకు తెలుసు. మీ ఇంజినీర్లలో మునగాల్సినవాడు ఎవరో తేల్చుకుంటే ఆ వాల్వులు వాటంతట అవే తిరుగుతాయి!

లైన్ ఆపకుండా పని చేయాలనడానికి మీ దగ్గర మంచి కారణాలే ఉన్నాయి, జనం చలికి వణకడం ఒక్కటే కాదు. నీళ్లు వదిలేసి మళ్లీ నింపితే కొత్త నీళ్లతో ఆక్సిజన్ వస్తుంది, లోపల తుప్పు మొదలవుతుంది. అందుకే మీరు ఆ నీళ్లను శుద్ధి చేసి, గాలి తీసేసి అంత జాగ్రత్తగా వాడుకుంటారు. ఇంకొకటి, చల్లార్చి మళ్లీ వేడి చేయడం. 100 మీటర్ల ఉక్కు పైపు 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 10 సెంటీమీటర్లు సాగాలి. మట్టి పట్టుకొని సాగనివ్వకపోతే ఆ బలమంతా పైపు ఒంట్లోనే, వంపుల దగ్గరే పడుతుంది. ఒకసారి ఆపి మొదలుపెట్టినప్పుడల్లా ఆ బాధ దానికి తప్పదు.

2006 జనవరిలో ఉక్రెయిన్‌లో అల్చెవ్‌స్క్ అనే ఊళ్లో ఏం జరిగిందో చదివావా? చలి మైనస్ 30 దగ్గర ఉండగా పెద్ద లైన్ పగిలింది. వేడి ఆగింది, ఇళ్ల లోపలి పైపుల్లో నీళ్లు గడ్డకట్టాయి, అవీ పగిలాయి. వేల కుటుంబాలు వేడి లేకుండా పడ్డాయి, పిల్లల్ని వేరే ఊళ్లకు పంపాల్సి వచ్చింది. ఒక లైన్ పగిలితే ఇంకో వైపు నుంచి తిప్పి ఇవ్వగలిగే రింగు ఉంటే, మధ్యలో మూసుకునే వాల్వులు ఉంటే, నష్టం ఒక వీధితో పోతుంది. సప్లై ఆగకుండా ఉండటం అనేది పని జరిగే రోజున తేలే సంగతి కాదు బిడ్డా, లైన్ వేసేనాడు, ఆ తర్వాత ఏ పనీ లేని వేసవిలో తేలుతుంది.

అట్లాగని ఎప్పుడూ ఆపొద్దని నేను అనను. మాస్కోలో ఏటా వేసవిలో ఏ ఇంటికి ఎప్పుడో ముందే చెప్పి, కొన్ని రోజులు వేడినీళ్లు ఆపి లైన్లను ప్రెషర్‌తో పరీక్షిస్తారట. జనం తిట్టుకుంటారు, స్నానానికి చుట్టాలింటికి పోతారు. కానీ చలికాలంలో పగలాల్సిన చోటు ఎండాకాలంలోనే బయటపడుతుంది. నాలుగు గంటలు ఆపితే అయ్యే పనికి, ‘ఆపలేదు’ అని చెప్పుకోవడం కోసం పలచబడ్డ పైపు మీద వెల్డింగ్ పెట్టడం నాకు నచ్చదు. గోడలు మందంగా ఉన్న ఇల్లు కొన్ని గంటలకు చల్లబడిపోదు. ఆస్పత్రి ఉంటే దానికి లారీ మీద బాయిలర్ తెచ్చి పెట్టండి, మిగిలినవాళ్లకు రెండు రోజుల ముందు చెప్పండి. టైమ్ చెప్పి ఆపినవాడిని జనం మర్చిపోతారు, చెప్పకుండా ఆపినవాడి ఇంటి మీదికి వస్తారు. నా సర్వీసంతా చూసింది ఇదే.

మీ పైపులకు వేడి పోకుండా చుట్టిన నురుగు పొరలో రాగి తీగలు పరుస్తారని, లోపల తడి చేరితే తీగకూ పైపుకూ మధ్య రెసిస్టెన్స్ పడిపోతుందని, ఎన్ని మీటర్ల దూరంలో తడి ఉందో కూడా మిషన్ చెబుతుందని అన్నావు. మాకు అలాంటిది ఉంటే ఎన్ని రోడ్లు తవ్వకుండా మిగిలేవో! మేము అర్ధరాత్రి ట్రాఫిక్ తగ్గాక ఇనుప కడ్డీ ఒక కొస వాల్వ్ మీద, ఇంకో కొస చెవికి పెట్టి వినేవాళ్లం. అయితే ఒక మాట. ఆ తీగల జాయింట్లు వేసేది కూడా వానలో, బురదలో, ఇంటికి పోయే తొందరలో ఉన్న మనిషే. అలారం మోగలేదంటే లీకేజీ లేదని కాదు, తీగ తెగి కూడా ఉండొచ్చు. లైన్‌లో రోజూ ఎన్ని నీళ్లు కొత్తగా కలుపుతున్నారో ఆ మీటర్ చూడు. అది పెరుగుతుంటే ఎక్కడో పోతున్నట్టే, అలారం ఏం చెప్పినా సరే.

వాల్వులుండే భూమిలోని గదుల్లోకి, ఆ చాంబర్లలోకి, గాలి పరీక్ష చేయకుండా దిగకు. పైన ఒక మనిషి లేకుండా అసలే దిగకు. ఇది మీ అమ్మ రాయమన్నది కాదు, ఆమెకు ఈ చాంబర్ల సంగతి నేను చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు నాకు ఒకటి కనుక్కొని చెప్పు. ఆ చోటుకు రెండు పక్కలా ఉన్న వాల్వులు చివరిసారి ఎప్పుడు తిప్పారు, ఎవరు తిప్పారు? రిజిస్టర్లో తేదీ ఉంటుంది, దాన్ని సగమే నమ్ము. తిప్పిన మనిషి ఇంకా సర్వీసులో ఉంటే పోయి ఆయన పక్కన కూర్చో. ఏ వాల్వ్ ఎక్కడ మొరాయిస్తుందో డ్రాయింగుల్లో ఉండదు, ఆయన చేతికి తెలిసి ఉంటుంది. రిటైరయ్యేలోపు అదంతా రాసి పెట్టుకో.

మీ బాపు