సోలార్ కంచెకు కాపలా ఎవరు?

అయ్యా,

చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులను ఆపడానికి సోలార్ కంచెలు వేస్తున్నారు. మంచిదే. కానీ వేసిన రోజు కొట్టిన షాక్ రెండు వానాకాలాలు గడిచాక కొడుతుందా? అది చూసే మనిషి లేకనే ఏనుగులూ పోతున్నాయి, పంటలూ పోతున్నాయి.

1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. 1990లో అభయారణ్యం ఏర్పడింది. గుట్ట దిగితే చెరకు, అరటి, వరి. రాత్రిళ్లు దిగక ఏం చేస్తాయి?

సోలార్ కంచె ప్రాణం తీయదు. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఎనర్జైజర్ వేల వోల్టుల దెబ్బను దాదాపు సెకనుకొకసారి, రెప్పపాటు కూడా లేనంత సేపు కొడుతుంది. ఏనుగు అదిరి వెనక్కి పోతుంది. కరెంటు లైను మీద కొక్కెం వేసి చేనుకు చుట్టే తీగ అలా కాదు. అందులో 230 వోల్టులు ఆగకుండా పారుతుంది. అడవి పందికని కట్టిన ఆ తీగ ఏనుగునూ చంపుతుంది, తెల్లారి నీళ్లు కట్టబోయిన మనిషినీ చంపుతుంది.

రైతు ఆ కొక్కెం దాకా ఎందుకు పోతాడంటే, సోలార్ కంచె పని చేయక. వాన పడ్డాక గడ్డి, లంటానా పొదలు పాకి తీగను తాకితే షాకంతా నేలలోకి దిగిపోతుంది. పెట్టెలో ఎనర్జైజర్ టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, అర కిలోమీటరు అవతల తీగ చచ్చి ఉంటుంది. ఎండాకాలంలో ఎర్తు రాడ్ల (కరెంటు నేల గుండా ఎనర్జైజర్‌కు తిరిగి చేరేందుకు నేలలో దిగేసే కడ్డీలు) చుట్టూ మన్ను ఎండిపోయి షాక్ తగలదు. ఇక ఏనుగు తెలివి చెప్పాలా! దంతానికి షాక్ కొట్టదని తెలుసుకుని, తొండం మడుచుకుని దంతంతోనే తీగ తెంపుతుంది. ఒకసారి దాటిన చోటికే మళ్లీ వస్తుంది.

వారానికోసారి కంచె చివర వోల్టు మీటరు పెట్టి చూడాలి, ఎనర్జైజర్ దగ్గర కాదు. 5 వేల వోల్టులకు తగ్గితే ఆ రోజే గడ్డి కోయాలి. రెండు మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) ఎర్తు రాడ్లు కనీసం మూడు, మూడేసి మీటర్ల ఎడంగా దిగేసి, వేసవిలో నీళ్లు పోయాలి. ఈ పనికి ఆ పల్లె మనుషులనే జీతమిచ్చి పెట్టాలి. కంచె టెండర్లోనే ఐదేళ్ల నిర్వహణ డబ్బు కలపాలి. వేలాడే 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైన్లను బిగించడం విద్యుత్ శాఖ పని. తొండమెత్తిన మగ ఏనుగుకు అవి అందుతాయి.

వరి పాలు పోసుకునే లోపే అంచు పల్లెల్లో ప్రతి కంచెకూ మొదటి కొలత తీయించాలని అటవీ, విద్యుత్ శాఖల అధికారులను కోరుతున్నాం.

– వన్యప్రాణి పరిశీలకులు, పలమనేరు